గురకకి పళ్ళ డాక్టరేమిటట!

మొన్నామధ్య ఒక డెంటల్ కాలేజీ వాళ్ళు పిలిచి, చదువు అయిపోవచ్చిన పిల్లలకి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. మైకు చేతికిచ్చీ ఇవ్వకముందే ఒక కుర్రాడు లేచి, "మేడం, ఇప్పుడు ఏ బ్రాంచికి డిమాండుందండి?" అన్నాడు. ఆ వెనకే ఒక అమ్మాయి లేచి, క్లినిక్ పెట్టాలంటే బెంజి సర్కిల్ మంచిదా, సూర్యారావుపేట మంచిదా అని అడిగింది. మూడో ప్రశ్న ఎవరికీ పుట్టలేదు. నేను ఆ నాలుగు మంచి మాటలూ మింగేసి, వాళ్ళు కప్పిన శాలువా మడత పెట్టుకుని ఇంటికొచ్చాను. మింగినవి అరగలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. మంచి మాటలు మాత్రం కావు, ముందే చెబుతున్నా.

నేను విజయవాడలో తొంభైల మొదట్లో పళ్ళు చూడటం మొదలుపెట్టాను. నోరంటే ముప్పై రెండు పళ్ళూ, వాటి మధ్య అడ్డమొచ్చే ఒక నాలికా అనుకునే వాళ్ళ మధ్యే బతికాను. అలా అనుకునే వాళ్ళలో పేషెంట్ల కంటే డాక్టర్లే ఎక్కువ. నోటికి వెనక ఒక దారి ఉందనీ, మనిషి ఊపిరి ఆ దారినే పోవాలనీ మాకు చదువు చెప్పిన వాళ్ళెవరూ గట్టిగా చెప్పలేదు. పళ్ళు మనవి, గొంతు ఈఎన్టీ వాళ్ళది, ఊపిరితిత్తులు ఇంకొకరివి, గుండె మరొకరిది. ఇన్ని వాటాలు వేసుకున్నాక మనిషి ఎవరివాడూ కాకుండా పోయాడు.

నేను గురక గురించి రాస్తున్నానంటే మా ఇంట్లోనే నవ్వారు. నవ్వనివ్వండి. నవ్వే వాళ్ళలో సగం మంది గురక పెట్టేవాళ్ళే.

హోదా గల చప్పుడు

మా డెల్టాలో గురక రోగం కాదు, ఆస్తి. కలిగినాయన భోంచేసి పడక్కుర్చీలో ఒరిగి గుర్రు పెడితే, "చీకూ చింతా లేని నిద్ర, పెట్టి పుట్టాలి" అంటారు. ఇంట్లో వాళ్ళు కాళ్ళ చప్పుడు కాకుండా నడుస్తారు. అదే ఒక కూలివాడు కాలవ గట్టు మీద తువ్వాలు పరుచుకుని గుర్రు పెడితే, "పొద్దున్నే వేసుకొచ్చాడు" అంటారు. గొంతు అదే, గాలి అదే, చప్పుడూ అదే. నిద్ర సుఖమెరగదని సామెత. సుఖం సంగతేమో గానీ మన వాళ్ళ చెవులకి హోదా బాగా తెలుసు.

అసలు జరిగేదేమిటంటే, పడుకున్నప్పుడు కింది దవడ కాస్త వెనక్కి జారుతుంది. దానితో పాటు నాలిక వెనక్కి పడి గొంతు దారిని ఇరుకు చేస్తుంది. ఆ ఇరుకులోంచి గాలి పోయేటప్పుడు మెత్తటి కండ అదిరి చేసే చప్పుడే గురక. కొందరికి ఇరుకు కావడంతో ఆగదు, దారి మొత్తం మూసుకుపోతుంది. ఊపిరి ఆగుతుంది. మెదడు ఉలిక్కిపడి మనిషిని కుదిపి లేపుతుంది, లేచిన సంగతి మనిషికి తెలియను కూడా తెలియదు. రాత్రంతా ఇదే తంతు. పొద్దున లేచేసరికి నోరెండిపోయి, తల బరువుగా ఉంటుంది. పగలు ఎక్కడ కూర్చుంటే అక్కడే తూగుతాడు. బీపీ పెరుగుతుంది, గుండె అలిసిపోతుంది. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. పేరు తెలిసినంత మాత్రాన ఏమీ కాదు, ఈ పేరు తెలిసిన డాక్టర్లు కూడా పేషెంటుని "రాత్రి నిద్ర ఎలా పడుతోంది?" అని అడిగేవాళ్ళు కాదు.

పెద్ద డాక్టరు గారి నిబ్బరం

చదువు కాగానే నేను గవర్నరుపేటలో ఒక పెద్ద డాక్టరు గారి దగ్గర చేరాను. ఆయన పేరు చెప్పను, ఆయన శిష్యులు ఇంకా బోలెడు మంది ఉన్నారు. ఉయ్యూరు నుంచీ, పామర్రు నుంచీ, అవనిగడ్డ నుంచీ బస్సులు దిగి జనం నేరుగా ఆయన మెట్లెక్కేవాళ్ళు. ఆయనకి వచ్చిన వైద్యం ఒక్కటే, పీకడం. నిజం చెప్పాలంటే బ్రహ్మాండంగా పీకేవారు. చెయ్యి అంత తేలిక. అంత మంచి చెయ్యి అంత పనికిమాలిన పనికి వాడటం నేను ఇంకెక్కడా చూడలేదు.

"కదిలే పన్నూ, అలిగే అల్లుడూ ఒకటేనమ్మా. ఉంచుకుంటే రోజూ బాధే" అనేవారు. చిగుళ్ళు శుభ్రం చేస్తే నిలబడే పళ్ళు కూడా అల్లుళ్ళ లెక్కలోనే పోయేవి. పైన ఒక సెట్టు, కింద ఒక సెట్టు. ఆ రోజుల్లో డెల్టాలో యాభై దాటిన పెద్దమనిషికి కట్టుడు పళ్ళుండటం కూడా ఒక దర్జాయే.

సుబ్బారాయుడు గారిని నేను మొదట చూసింది అక్కడే. పామర్రు వైపు మనిషి. చేపల చెరువులు, చేపలు మోసే లారీలు ఉండేవి ఆయనకి. కైకలూరులో ఐసు పెట్టెల్లో చేపలు ఎక్కించుకుని ఆయన లారీలు హౌరా దాకా పోయేవి. పొట్టి మెడ, బాన పొట్ట, పెద్ద గొంతు. చిగుళ్ళకి సూది మందు ఇచ్చి అది పట్టేదాకా ఆగుదామని మేము పక్కకి తిరిగామో లేదో, కుర్చీలోనే గుర్రు పెట్టేశారు. కాంపౌండరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెద్ద డాక్టరు గారు మురిసిపోయి, "చూశావా, ఎంత నిబ్బరమో! సూది గుచ్చినా నిద్రపోయే గుండె" అన్నారు.

నేను చూస్తున్నది వేరే. ఆ గురక ఉన్నట్టుండి ఆగిపోతోంది. ఛాతీ ఎగురుతోంది గానీ గాలి లోపలికి పోవడం లేదు. కాసేపటికి మునిగి తేలినవాడిలా ఒక్కసారి గుర్రుమని ఊపిరి లాక్కుంటున్నారు.

"సార్, ఈయనకి ఊపిరాగుతోందండి" అన్నాను.

"నాలిక దాటాక మనది కాదమ్మా. అక్కడి నుంచి బోర్డు వేరే వాళ్ళది. నువ్వు పళ్ళు చూడు."

చూశాను. సగం పైగా నిలబెట్టదగ్గ పళ్ళు. ఆ మాటా అన్నాను. ఆయన విననట్టు చేయి చాపారు, ఫోర్సెప్సు అందించమని. కొన్ని వాయిదాల్లో సుబ్బారాయుడు గారి నోరు ఊడ్చిన వాకిలిలా తయారైంది. ఆ తరవాత కొత్త సెట్టు పెట్టుకుని ఆయన పామర్రు సెంటర్లో నవ్విన నవ్వు మా క్లినిక్కి ఏ బోర్డూ తేనంత మందిని తెచ్చిపెట్టింది. "పళ్ళు పీకించుకోండిరా, మళ్ళీ పుట్టినట్టుంటుంది" అని కనపడ్డ వాడికల్లా చెప్పేవారట. మళ్ళీ పుట్టినవాడికి పళ్ళుండవన్న మాట నిజమే.

భోజనాల తరవాత ఉపన్యాసం

తరవాత కొన్నాళ్ళకి మద్రాసులో పళ్ళ డాక్టర్ల మహాసభలకి వెళ్ళాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఎవరికీ అక్కర్లేని వాళ్ళకి కేటాయించే వేళలో, ఒక సన్నపాటి డాక్టరు వేదికెక్కి గురక గురించి మాట్లాడాడు. హాల్లో సగం మంది గురకలోనే ఉన్నారు. నా పక్కన కూర్చున్న మా పెద్ద డాక్టరు గారు కూడా. ఉపన్యాసానికి ఇంతకంటే మంచి ప్రదర్శన వేదిక మీదాయన కోరుకున్నా దొరికేది కాదు.

ఆ సన్నపాటి డాక్టరు చెప్పింది చిన్న సంగతి. కింది దవడని కాస్త ముందుకి తెచ్చి, నిద్రలో వెనక్కి జారకుండా నిలబెడితే నాలిక కూడా ముందుకొస్తుంది, దారి తెరుచుకుంటుంది. అలా నిలబెట్టడానికి పై పళ్ళకొకటీ కింది పళ్ళకొకటీ ప్లేట్లు తొడిగి కలపాలి. ముందు నిద్ర పరీక్ష చేయించాలి, అంటే రాత్రి నిద్రలో ఊపిరి ఎన్నిసార్లు ఆగుతోందో కొలవాలి, అది మన పని కాదు, వేరే డాక్టరుతో కలిసి చేయాలి. జబ్బు మరీ ముదిరిన వాళ్ళకి గాలి ఊదే మెషీను మెరుగు. తక్కువగానో మధ్యస్థంగానో ఉన్నవాళ్ళకీ, మెషీను పడని వాళ్ళకీ ఈ ప్లేటు. చివర్లో ఆయన ఒక మాటన్నాడు. ఇదంతా పళ్ళున్న వాళ్ళకే. తగిలించడానికి గట్టి పళ్ళు లేకపోతే మనం చేయగలిగింది బహు తక్కువ.

నాకు మా క్లినిక్ బేసిన్లో పడ్డ సుబ్బారాయుడు గారి పళ్ళు కళ్ళ ముందు మెదిలాయి. చప్పట్లకి పెద్ద డాక్టరు గారు లేచి, "బాగా చెప్పాడు" అన్నారు. విజయవాడ తిరిగొచ్చాక నెల తిరక్కుండా ఆయన దగ్గర మానేసి, సూర్యారావుపేటలో చిన్న గది తీసుకుని నా బోర్డు నేను పెట్టుకున్నాను.

లవంగాలు

జానీ బాషా నా దగ్గరికొచ్చింది తొంభైల చివర్లో. నలభై ఏళ్ళ లారీ డ్రైవరు, ఉండేది వించిపేటలో. పక్కనే భార్య నూర్జహాన్. కుర్చీలో కూర్చుంటూనే అన్నాడు.

"అన్నీ పీకెయ్యండి మేడంగారూ."

"ఎందుకయ్యా? నొప్పా?"

"నొప్పేం లేదండి. వాసనండి. పళ్ళు లేకపోతే వాసనుండదంట కదండీ."

"ఎవరు చెప్పారు?"

"మా ఓనరుగారండి. సుబ్బారాయుడుగారు."

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. సంగతి మొత్తం చెప్పించాను. లారీల యార్డులో ఒక ఆచారముండేది. తాళాలు చేతికిచ్చే ముందు గుమాస్తా ప్రతి డ్రైవరు మూతీ వాసన చూసేవాడు, తాగాడేమోనని. జానీ తాగడు. కానీ పొద్దున లేచేసరికి నోరు పిడచకట్టుకుపోయి వాసన వేసేది. అందుకని లవంగాలు నమిలి వెళ్ళేవాడు. లవంగాలు నమిలాడంటే తాగిన వాసన కప్పిపెడుతున్నాడని గుమాస్తా లెక్క. లవంగాలు మానేస్తే నోటి వాసన, నమిలితే దొంగతనం. లోకం మీద ఇంత తెలివైన పరీక్ష పెట్టినవాడికి ఎవరూ సన్మానం చేయలేదు పాపం.

అది అలా ఉండగా, ఒరిస్సాలో పట్టపగలు జానీ లారీ రోడ్డు దిగి పొలంలోకి పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఐసు కరిగి చేపలు పాడైపోయాయి. "కళ్ళు మూతలు పడ్డయండి" అని జానీ నిజం చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. సుబ్బారాయుడు గారు పనిలోంచి తీసేసి, దయతలిచి ఒక దారి కూడా చూపించారు.

"'నోరు బాగుచేయించుకు రారా, అప్పుడు చూద్దాం' అన్నారండి. 'నేను పీకించుకోలా? నా నోరు చూడు, మల్లెపువ్వు' అన్నారండి. అల్లా తోడు మేడంగారూ, నేను చుక్క ముట్టను. పిల్లలు ముగ్గురండి. స్టీరింగు తప్ప నాకేం రాదండి."

నోరు తెరవమన్నాను. చిగుళ్ళు బాగానే ఉన్నాయి. పళ్ళు మాత్రం నిద్రలో నూరి నూరి పైన చదునుగా అరిగిపోయాయి. నాలిక అంచుల నిండా పళ్ళ అచ్చులు. గడ్డం చాటున దాగింది గానీ కింది దవడ చిన్నది, వెనక్కి ఉంది. అంతకు ముందు, పొద్దున పదకొండు గంటల వేళ, బయట బెంచీ మీద గోడకి తల ఆనించి నోరు తెరుచుకుని నిద్రపోతూ ఉండగా నేనే చూశాను.

"గురక పెడతావా?" అన్నాను.

జానీ భార్య వంక చూశాడు. జవాబు నూర్జహాన్ చెప్పింది.

"గురకైతే పర్లేదమ్మా, అలవాటైపోయింది. ఆగిపోద్దమ్మా. ఊపిరే ఉండదు. నేను తట్టి కుదిపితే మళ్ళీ గుర్రుమని లాక్కుంటాడు. ఇంట్లో ఉంటే నేనున్నా. లారీలో పడుకుంటే ఎవరు తడతారని నా బెంగ. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారమ్మా."

నేను నవ్వలేదు. "నీ పళ్ళు పీకను" అని జానీకి చెప్పాను.

అతనికి కోపమొచ్చింది. "మీరు పీక్కపోతే ఇంకోళ్ళు పీకుతారండి. పళ్ళు నాయి."

అదీ నిజమే. గవర్నరుపేటలో తేలిక చెయ్యి ఒకటి ఎప్పుడూ చాపే ఉంటుంది. "నీ జబ్బు పళ్ళలో లేదు, ఊపిరి దారిలో ఉంది. ఆ దారి తెరవాలంటే పట్టుకోవడానికి నాకు నీ పళ్ళే కావాలి. పీకించుకుంటే ఇంక నేనేం చేయలేను" అన్నాను. అతని మొహంలో నమ్మకం కనపడలేదు. లారీ ఓనరు మాట ముందు పళ్ళ డాక్టరమ్మ మాట ఎంత!

అప్పుడు నూర్జహాన్ మొగుడి వైపు తిరిగింది. "పీకించుకున్నాక కూడా ఆయన పన్లోకి తీసుకోకపోతే? ఆయన కాయితం రాసిచ్చాడా? అప్పుడు పనీ ఉండదు, పళ్ళూ ఉండవు. లెగు, ఆవిడ చెప్పింది చెయ్యి."

జానీ లేచాడు. ఆ కుర్చీలోంచి పళ్ళతో లేచిన మనిషిని చూసి నాకంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

తలా ఒక మాట

ఇక డాక్టర్ల దగ్గరికి యాత్ర. గొంతు డాక్టరు చూసి, "కొండనాలిక పొడుగ్గా ఉంది, కొంచెం కత్తిరిద్దాం" అన్నాడు. పరీక్ష లేదు, పాడూ లేదు. కొండనాలికకి మందేస్తే ఉన్న నాలిక ఊడిందని మన వాళ్ళు ఊరికే అనలేదు. అలాంటి ఆపరేషను అవసరమైన వాళ్ళు ఉంటారు, కాదనను, కానీ కత్తి పట్టుకునే ముందు దారి ఎక్కడ మూసుకుంటోందో తెలుసుకోవాలి కదా. ఇంకో పెద్ద ఫిజీషియను బలానికి టానిక్కు రాసి, "టెన్షన్లు తగ్గించుకో" అన్నాడు. ఉద్యోగం పోయినవాడికి ఆ సలహా.

చివరికి ఊపిరితిత్తుల డాక్టరొకతను దొరికాడు, కుర్రవాడు. నేను చెప్పింది మొత్తం విన్నాడు, నూర్జహాన్ చెప్పింది ఇంకా శ్రద్ధగా విన్నాడు. మా వైపు అప్పటికి నిద్ర పరీక్ష లేదు, హైదరాబాదు పంపించాడు. జబ్బు ఉందని తేలింది, మధ్యస్థంగా ఉంది. మెషీను పెట్టుకోవచ్చు, కానీ లారీ క్యాబిన్లో పడుకునే మనిషికి మెషీను ఎక్కడ పెట్టి ఏ ప్లగ్గులో గుచ్చుతాం? "ముందు మీ ప్లేటు చూద్దాం మేడం, పని చేస్తోందో లేదో మళ్ళీ పరీక్ష చేయిద్దాం. అప్పటిదాకా స్టీరింగు పట్టుకోవద్దు" అన్నాడు. పెద్దవాళ్ళెవరూ చెప్పని ఆ చివరి మాట ఆ కుర్రవాడు చెప్పాడు.

పళ్ళ కొలతలు తీసుకున్నాను. మైనం ముక్క కొరికించి, దవడ ముందుకి పెట్టించి, ప్లేట్లు చేయించాను. మొదటిసారి పొద్దునకల్లా దవడ పట్టేసింది. ఆత్రపడి ఒకేసారి ముందుకి లాగకూడదు, కొద్దికొద్దిగా జరపాలి. అదొక పాఠం. చొల్లు కారుతుంది, పొద్దున లేవగానే పళ్ళు సరిగా కలవనట్టుంటుంది, కాసేపటికి సర్దుకుంటుంది. ఏళ్ళ తరబడి వాడితే పళ్ళ వరస కొంచెం మారవచ్చు. ఇవన్నీ ముందే చెప్పాలి. చెప్పకుండా చేసే వైద్యం మాయల మరాఠీ పని.

జానీ దానికి లగాం అని పేరు పెట్టాడు. కొన్ని వారాల తరవాత ఇద్దరూ వచ్చారు. ఎలా ఉందని అడిగితే నూర్జహాన్ ముందు నవ్వింది, తరవాత కళ్ళు తుడుచుకుంది.

"సరిగ్గా కుదిరిన రోజు నాకు నిద్ర పట్టలేదమ్మా. చప్పుడు లేదు. పోయాడేమోనని మాటిమాటికీ ముక్కు దగ్గర ఏలు పెట్టి చూశా. గాలొస్తానే ఉంది."

మళ్ళీ హైదరాబాదులో పరీక్ష చేశారు. బాగా తగ్గింది. పగటి తూగు పోయింది. నోరెండటం తగ్గింది, వాసనా తగ్గింది, లవంగాలతో పని లేకుండా పోయింది. ఊపిరితిత్తుల డాక్టరు బండి తోలుకోవచ్చన్నాడు.

జానీ వాసన లేని మూతితో, చొక్కా జేబులో లగాంతో యార్డుకి వెళ్ళాడు. "పళ్ళు పీకించుకు రమ్మంటే పళ్ళకి తొడుగు కుట్టించుకొచ్చావేంట్రా?" అని సుబ్బారాయుడు గారన్నారట. యార్డంతా నవ్విందట. నేను ఉండబట్టలేక ఫోను చేశాను.

"డాక్టరమ్మగారూ, మీరంటే నాకు గౌరవం. కానీ గురకకి పళ్ళ డాక్టరేమిటండీ? రేపు కాలు నొప్పంటే కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళమంటారా? గురక నేనూ పెడతా. నేనెప్పుడన్నా పొలంలోకి బండి తోలానా?"

ఆయన దగ్గర డబ్బుంది, లారీలున్నాయి, ఊరంతా మెచ్చుకునే గురక ఉంది. జానీ ఇబ్రహీంపట్నం వెళ్ళి, థర్మల్ కేంద్రం నుంచి బూడిద మోసే లారీ తోలుకున్నాడు. దుమ్ము పని, చిన్న జీతం. అయినా స్టీరింగు చేతిలో ఉంది, పళ్ళు నోట్లో ఉన్నాయి.

కాలవలు కట్టేసిన వేసవి

తరవాత రెండు మూడేళ్ళకి సుబ్బారాయుడు గారు కొత్త కారు కొన్నారు. వేసవిలో చల్లపల్లిలో పెళ్ళి భోజనం చేసి, భార్య రాజ్యలక్ష్మి గారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఎర్రటి ఎండలో స్వయంగా తోలుకుంటూ బయల్దేరారు. కారు నింపాదిగా రోడ్డు దిగి, గట్టు దిగి, కాలవలో దిగింది. వేసవి కాబట్టి కాలవలు కట్టేశారు. మోకాలి లోతు బురద తప్ప నీళ్ళు లేవు. నాట్ల రోజుల్లో నిండు కాలవైతే ఈ భాగం రాయడానికి నాకేమీ మిగిలేది కాదు. రాజ్యలక్ష్మి గారి చెయ్యి విరిగింది. ఆయనకి దెబ్బ తగల్లేదు.

"కుక్క అడ్డమొచ్చింది" అని ఆయన ఊరంతా చెప్పారు. ఊరంతా కుక్కని తిట్టింది. ఆయన మూతి మాత్రం ఎవరూ వాసన చూడలేదు.

వారం తరవాత రాజ్యలక్ష్మి గారు మెడకి చెయ్యి వేలాడేసుకుని, ఆయన్ని వెంటబెట్టుకుని నా క్లినిక్కి వచ్చారు.

"కుక్కా లేదు, నక్కా లేదమ్మా. గుర్రు పెట్టారు. నేను అరిచేలోపు బురదలో ఉన్నాం. ఆ జానీకి ఏదో కట్టారంట గదా, ఈయనకీ అదే కట్టండి."

"ఎంతయినా పర్లేదండి, జానీగాడికి కట్టినదాని కంటే మంచిదే కట్టండి" అన్నారాయన. కాలవలో దిగొచ్చినా గొంతు తగ్గలేదు.

నోరు తెరవమన్నాను. ఆయన పై సెట్టూ, కింది సెట్టూ తీసి ట్రేలో పెట్టారు. బుగ్గలు లోపలికి పోయి, చప్పిదవడలతో పసిపిల్లాడిలా నా వంక చూశారు. వేలు పెట్టి చిగుళ్ళు తడిమాను. కింద ఎముక కూడా కరిగిపోయి నున్నగా ఉంది.

"దేనికి కట్టమంటారండీ?" అన్నాను.

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. రాజ్యలక్ష్మి గారికి అయింది. ట్రేలో ఉన్న సెట్టు వైపు చూసి, మొహం తిప్పేసుకున్నారు. నాకు ఆ క్షణంలో జాలేసి ఉండాలి. ఆవిడ మీద వేసింది. ఆయన మీద వేయలేదు.

హైదరాబాదు పంపాం. జబ్బు బాగా ముదిరిందనీ, రోజూ మెషీను పెట్టుకునే పడుకోవాలనీ, బండి ముట్టుకోకూడదనీ చెప్పారు. పళ్ళున్నా ఆయనకి ముందు మెషీనే రాసేవాళ్ళేమో. కానీ మెషీను పడని వాడికి రెండో దారి అంటూ ఒకటి ఉంటుంది కదా, ఆ దారిని గవర్నరుపేటలో బేసిన్లో పారేశారు. మెషీను కొన్నారు. ఏనుగు తొండంలా ఉంది, చూస్తే నవ్వుతారని దాని మీద అల్లిక గుడ్డ కప్పి బీరువా పక్కన పెట్టారు. రాజ్యలక్ష్మి గారు గొడవ చేసినప్పుడు పెట్టుకుంటారు, ఆవిడ విసిగిపోయినప్పుడు తీసేస్తారు.

ఒక్కటి మాత్రం ఆవిడ సాధించారు. కారు తాళాలు బొడ్లో దోపుకున్నారు. కారు తోలడానికి జానీకి కబురు పెట్టారు. జానీ వెళ్ళి గుమ్మంలో నిలబడి ఒకే మాటన్నాడట.

"మూతి వాసన చూసే పనైతే రానమ్మగారూ."

"చూడరులే, నువ్వు రా" అన్నారావిడ.

ఇంతకీ

పిల్లలూ, మీరు అడిగిన డిమాండు సంగతి నాకు తెలియదు. ఇప్పుడు గురకకి కూడా బోర్డులు పెడుతున్నారు, పరీక్ష లేకుండా ప్లేట్లు అంటగట్టే ఘనులూ బయల్దేరారు. ఒకప్పుడు పళ్ళన్నీ పీకిన చేతులకి వీళ్ళు సొంత వారసులు. మీరు వాళ్ళలో కలవకండి. కుర్చీలో కూర్చున్న ప్రతివాడినీ నిద్ర ఎలా పడుతోందని అడగండి. పక్కన పడుకునే వాళ్ళు చెప్పేది నవ్వకుండా వినండి. అరిగిన పళ్ళూ, అచ్చులు పడ్డ నాలికా, వెనక్కి పోయిన దవడా కనపడితే నిద్ర పరీక్ష చేసే డాక్టరు దగ్గరికి పంపండి, ఆయనతో కలిసి పని చేయండి. అన్నిటికంటే ముందు, పీకడానికి తొందరపడకండి. పన్ను దేనికి పనికొస్తుందో పీకే రోజున మీకూ తెలియదు, పీకించుకునే వాడికీ తెలియదు.

నేను ప్రాక్టీసు మానేసి క్లినిక్ మూసెయ్యబోయే ముందు జానీ ఒకరోజు వచ్చాడు. లగాం సరిగా కూర్చుంటోందో లేదో ఏటేటా చూపించుకునేవాడు. కిటికీలోంచి చూస్తే, కారు వెనక సీట్లో సుబ్బారాయుడు గారు నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. గురక మెట్ల మీదికి వినిపిస్తోంది. మెషీను మళ్ళీ గుడ్డ కిందికి పోయిందన్నమాట.

"దారి పొడుగూతా ఇంతేనండి. నేను అద్దంలో చూస్తానే ఉంటా. చప్పుడాగితే హారను కొడతా" అన్నాడు జానీ.

ఇంతలో చప్పుడు ఆగింది, గుర్రుమని మళ్ళీ మొదలైంది, ఆయన లేచారు. తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ మెట్లెక్కి లోపలికొచ్చి, జానీ పక్కన నిలబడి, ఎప్పటి గొంతుతోనే అన్నారు.

"మావాడి పళ్ళు జాగ్రత్తగా చూడండి డాక్టరమ్మగారూ. ఒక్కటి కూడా కదలకూడదు. వాడి పళ్ళ మీదే ఉంది నా ప్రాణం."

నేను అద్దం చేతిలోకి తీసుకుని, జానీని నోరు తెరవమన్నాను.